వానలో అందిన కప్పు

గోల్ఫు అను ఆటను మన బెల్లంపల్లిలో కన్నులార చూచినవారు బహు కొద్దిమందియే యుందురు. బొగ్గుగనుల ఊరిలో పెరిగిన మనకు మొదటి షిఫ్టు, రెండవ షిఫ్టు, రాత్రి షిఫ్టు తెలియును. సెలవునాడు మైదానములో పిల్లలాడు కబడ్డీ, వాలీబాలు, క్రికెట్టు తెలియును. విశాలమైన పచ్చిక బయలులో ఒక చిన్న తెల్లని బంతిని కర్రతో కొట్టుచు, దాని వెంట మైళ్లకొలది నడచి, తుదకు దానిని ఒక చిన్న గుంటలో పడవేయు ఈ ఆట ధనికుల ఆట యని మనము తలంచుదుము. అయినను ఈ నెల మేము ఒక గోల్ఫు ఆటగాని జీవితమును చదువరుల ముందుంచుచున్నాము. ఆయన మన భారతదేశపు కూలీల సంతతివాడు. అక్షరము రానివాడు. ఆయన గెలిచిన ఒక కప్పు కథ వినినయెడల, ఆ కథ మన ఊరికి దూరమైనది కాదని చదువరులే ఒప్పుకొందురని మా నమ్మకము.

ఆయన పేరు సెవ్‌సంకర్ సెవ్‌గోలం. ముద్దుపేరు పాప్వా, లోకమంతయు ఆయనను పాప్వా అనియే యెరుగును. ఆ వింతైన పేరును నెమ్మదిగా పలికి చూడుడి. దానిలో శివశంకరుడు వినబడును. ఉత్తర హిందూస్థానపు పేర్లు ఇంగ్లీషు దొరల కాగితములలోకి ఎక్కినప్పుడు అట్లు వంకరలు తిరిగెను.

ఈ పేరు ఆఫ్రికా ఖండమునకు ఎట్లు చేరెనో ముందు చెప్పవలెను. దక్షిణాఫ్రికాలో తూర్పు సముద్రతీరమున నాటాలు అను సీమ కలదు. అచ్చటి చెరకు తోటలకు కూలీలు కావలసివచ్చి, ఇంగ్లీషువారు 5 సంవత్సరముల ఒప్పందముమీద మన దేశమునుండి జనులను ఓడలలో తీసికొనిపోయిరి. 1860 నవంబరు 16న ట్రూరో అను మొదటి ఓడ మద్రాసునుండి డర్బను రేవునకు చేరెను. 1911వరకు ఈ వలస సాగెను. మొత్తము 1,50,000కు పైగా జనులు అట్లు పోయిరి. మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులతోపాటు విశాఖపట్టణము, గంజాము, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులుండిరి. కలకత్తా రేవునుండి హిందీ భాష మాటలాడువారు పోయిరి.

మన తెలుగు సంఘములకు కూడ ఆ సీమతో పాత సంబంధము కలదు. అచ్చటి తోటలలో పనిచేయు తెలుగు విశ్వాసులకు కాపరి లేడని విని, తెలుగు బాప్టిస్టు సంఘములు 1903లో జాన్ రంగయ్యగారిని నాటాలుకు పంపెను. కేర్స్‌నీ అను చోట తేయాకు తోటల మధ్య ఆయన సంఘమును స్థాపించి, 1915లో కన్నుమూయువరకు ఆ జనులయొద్దనే యుండెను.

గనుల ఊరివారమైన మనము మరియొక సంగతి కూడ గమనింపదగును. నాటాలు ఉత్తరభాగమున న్యూకాజిల్, డండీ ప్రాంతములలో బొగ్గుగనులు కలవు. వాటిలోను మన దేశపు కూలీలు పనిచేసిరి. ఒప్పందము తీరినతరువాత స్వేచ్ఛగా అచ్చట నివసింపగోరువారిమీద దొరతనమువారు సంవత్సరమునకు 3 పౌండ్ల తలపన్ను వేసిరి. 1913లో గాంధీగారి పిలుపున న్యూకాజిల్ గనికార్మికులు పని నిలిపివేసి, భార్యాబిడ్డలతో కాలినడకను బయలుదేరిరి. మరుసటి సంవత్సరమున ఆ పన్ను రద్దాయెను. పన్ను పోయెను గాని, రంగునుబట్టి మనుష్యుని కొలుచు వాడుక పోలేదు.

అట్టి కూలీల సంతతిలో 1928వ సంవత్సరమున పాప్వా డర్బనులో జన్మించెను. డర్బనుకు ఉత్తరమున ఉమ్‌గేని నది సముద్రములో కలియు తావునకు దగ్గరగా బీచ్‌వుడ్ అను గోల్ఫు మైదానము కలదు. ఆ మైదానము తెల్లవారిది. దాని ప్రక్కన బీదల గుడిసెలు భారతీయులవి. బాలుడైన పాప్వాకు బడికంటె ముందు పని దొరికెను. అతడు క్యాడీ ఆయెను.

క్యాడీ యనగా ఎవరో మన చదువరులకు చెప్పవలెను. గోల్ఫు ఆడువానికి ఒక కర్ర చాలదు. దూరము కొట్టుటకు ఒకటి, ఇసుకలో పడిన బంతిని లేపుటకు ఒకటి, గుంట దగ్గర మెల్లగా దొర్లించుటకు ఒకటి, ఈ విధముగా 14 కర్రలవరకు సంచిలో నుంచుకొనవచ్చును. ఆ సంచిని భుజమున వేసికొని ఆటగాని వెంట నడచువాడే క్యాడీ. బంతి పొదలో పడినయెడల వెదకవలెను. గాలి ఎటు వీచుచున్నదో, నేల ఎటు వాలియున్నదో చెప్పవలెను. ఆటకు 18 గుంటలు. అన్నియు తిరుగుటకు నాలుగైదు మైళ్ల నడక. బరువు మోయుట క్యాడీది, ఆడుట దొరది.

పాప్వా మోయుచు చూచెను, చూచుచు నేర్చుకొనెను. కొనుటకు కర్ర లేదు గనుక చెట్టుకొమ్మను చెక్కి కర్ర చేసికొనెను. నేర్పువాడెవడును లేడు గనుక తన చేతులకు తోచినట్లు పట్టుకొనెను. కుడిచేతివాటము గల ఆటగాండ్రందరు ఎడమచేతిని కర్రపై భాగమునను, కుడిచేతిని దాని క్రిందను ఉంచి పట్టుదురు. ఆట నేర్పు ప్రతివాడు మొదటి దినమున చెప్పు పాఠమిదే. పాప్వా దానికి సరిగా తలక్రిందులు చేసెను. కుడిచేయి పైన, ఎడమచేయి క్రింద. చూచినవారు నవ్విరి. నేడు దక్షిణాఫ్రికాలో ఆ పట్టునకు ఆయన పేరే పెట్టియున్నారు.

చదువురాని ఈ యువకుడు ఎదిగి, తెల్లవారు కాని ఆటగాండ్రు తమలో తాము జరుపుకొను పోటీలలో మొదటివాడుగా నిలిచెను. ఏలయనగా ఆ దినములలో పోటీలు కూడ రెండు విధములు. 1948లో అధికారమునకు వచ్చిన ప్రభుత్వము జాతులను వేరుచేయుటను రాజ్యధర్మముగా చేసికొనెను. దానినే అపార్తీడ్ అందురు. ఏ జాతివాడు ఏ పేటలో నివసింపవలెనో 1950లో చట్టము చేసిరి. రైలుపెట్టె వేరు, బడి వేరు, సముద్రపుటొడ్డున స్నానఘట్టము వేరు. మైదానములు, క్లబ్బులు ఇక చెప్పనక్కరలేదు.

అయినను ఆ తెల్లవారిలోనే ఒక మనుష్యుడు పాప్వా చేతులలోని వరమును గుర్తుపట్టెను. ఆయన గ్రాహం వుల్ఫ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు. నేడు ఓలే అను పేరున దుకాణములలో అమ్ముచున్న ముఖలేపనమును 1950ల ఆరంభమున డర్బనులో మొదట తయారుచేసినవాడాయనయే. తన దేశములో ఈ క్యాడీకి ద్వారము తెరువబడదని యెరిగి, వుల్ఫు 1959లో పాప్వాను వెంటబెట్టుకొని ఐరోపాకు తీసికొనిపోయెను.

అచ్చట హాలండు దేశపు ఓపెను పోటీ జరిగెను. ఓపెను అనగా ఆడ సమర్థుడైన ఎవడైనను ఆడవచ్చునని అర్థము. పెద్ద పోటీలు సాధారణముగా నాలుగు ఆవృత్తులు, 72 గుంటలు; తక్కువ దెబ్బలలో ముగించినవాడే విజేత. తలక్రిందులైన పట్టుతో, ఎన్నడు చూడని నేలమీద ఆడి, పాప్వా ఆ పోటీ గెలిచెను. మరుసటి సంవత్సరము, అనగా 1960లో, తిరిగి పోయి రెండవసారి గెలిచెను. డర్బనులోని భారతీయులు పొందిన సంతోషమునకు మేర లేదు. వారిలో ఒకడు, చెరకు కూలీ సంతతివాడు, తెల్లదొరల ఆటలో ఐరోపా దేశపు కప్పు గెలిచి తెచ్చెను.

హాలండులో ఓపెను అను మాటకు అర్థముండెను. సొంత దేశములో దానికి అర్థము లేకపోయెను. దక్షిణాఫ్రికాలోని ఓపెను పోటీలు తెల్లవారికి మాత్రమే తెరువబడియుండెను. ఒక దేశపు ఓపెను విజేతను తన ఊరిలోని ఓపెనులో ఆడనీయకపోవుట ఏమి న్యాయమని అనేకులు అడిగిరి. క్రీడలలో జాతిభేదము కూడదని పోరాడువారు ఆయన పక్షమున నిలిచిరి. తుదకు ప్రత్యేకమైన అనుమతి పత్రములమీద కొన్ని పోటీలలో ఆడనిచ్చిరి. మైదానములో అడుగుపెట్టవచ్చును, క్లబ్బు భవనములో అడుగుపెట్టరాదు. తోటి ఆటగాండ్రు లోపల బట్టలు మార్చుకొని భోజనము చేయుచుండగా, పాప్వా తన బండిలోనే బట్టలు మార్చుకొని అచ్చటనే తినెడివాడు.

ఇట్టి స్థితిలో 1963 వచ్చెను. డర్బను కంట్రీ క్లబ్బు మైదానమున నాటాలు ఓపెను పోటీ జరిగెను. దక్షిణాఫ్రికాలోని పేరుపొందిన తెల్ల ఆటగాండ్రు అందులో ఆడిరి. వారందరిని ఓడించి పాప్వా గెలిచెను. ఆ దేశములో ఒక రాష్ట్రపు ఓపెను పోటీని తెల్లవాడు కానివాడు గెలుచుట అదే మొదటిసారి.

కప్పు ఇచ్చు సమయమునకు వాన కురిసెను. క్లబ్బు పెద్దలు, అతిథులు, ఓడిపోయిన ఆటగాండ్రు భవనములో తడియకుండ నిలిచిరి. గెలిచినవాడు లోపలికి రాకూడదు గనుక బయటనే నిలువవలసివచ్చెను. వానలో తడియుచు నిలిచిన ఆ మనుష్యుని చేతికి కప్పు అందించిరి. ఆయన దానిని పట్టుకొనెను. ఆ క్షణమున తీసిన ఛాయాచిత్రము దేశదేశముల పత్రికలలో పడెను.

ఇచ్చట మేము ఒక సంగతిని చదువరుల మనస్సునకు తేగోరుచున్నాము. అట్టి క్లబ్బులలో బల్లలయొద్ద పానీయములు అందించు పనివారు, పాత్రలు కడుగువారు పలువురు భారతీయులే. తెల్లని దుస్తులు ధరించి పళ్లెము పట్టుకొనిన భారతీయుడు ఆ ద్వారమున దినమునకు నూరుమార్లు పోవచ్చును. కప్పు పట్టుకొనిన భారతీయుడు మాత్రము పోరాదు. కాబట్టి ఆ ద్వారము చర్మపు రంగును చూచి అంత భయపడలేదని తెలియుచున్నది. సేవకుడు కాని భారతీయుడు, తమతో సమానముగా కూర్చుండదగిన భారతీయుడు, వాడే ఆ ద్వారమునకు భయము పుట్టించెను.

పాప్వా ఆ దినమున ఏ ప్రసంగమును చేసి లోకమును కదల్పలేదు. ఆయన రాజకీయము తెలిసినవాడు కాడు. ఆడుట ఒకటే ఆయనకు కావలెను. అయినను ఆ ఒక్క ఛాయాచిత్రము పెద్ద ప్రసంగముకంటె ఎక్కువ పని చేసెను. అపార్తీడ్ అనగా ఏమో పుస్తకములలో చదివి గ్రహింపని జనులు ఆ చిత్రమును చూచి గ్రహించిరి. మన భారతదేశము ఆ దేశముతో వర్తకమును 1946లోనే మానివేసెను. ఇప్పుడు క్రీడాలోకము కూడ మేల్కొనసాగెను. 1964 టోక్యో ఒలింపిక్కులకు దక్షిణాఫ్రికాను రానీయలేదు. 1970లో ఒలింపిక్కు సంఘమునుండి దానిని బొత్తిగా తొలగించిరి. ఈ వేరుపాటునకు ఒక గురుతుగా పాప్వా చిత్రము నిలిచెను.

కప్పు గెలిచిన సంవత్సరమే ఆయన ఇంగ్లండుకు పోయి బ్రిటిషు ఓపెనులో ఆడి, లోకములోని మేటి ఆటగాండ్ర నడుమ మొదటి 20 మందిలో నిలిచెను. 1964లో హాలండు ఓపెనును మూడవమారు గెలిచెను. 1965లో నాటాలు ఓపెనును మరల గెలిచెను. ఈ సారి ఆయన చేతిలో ఓడినవారిలో గ్యారీ ప్లేయరు ఉండెను. ప్లేయరు సామాన్యుడు కాడు. అప్పటికే బ్రిటిషు ఓపెను, అమెరికాలోని మాస్టర్సు, పి.జి.ఎ. పోటీలను గెలిచియుండెను. అదే 1965 జూన్‌లో అమెరికా ఓపెనును కూడ గెలిచి, లోకములోని నాలుగు గొప్ప పోటీలను గెలిచిన బహు కొద్దిమందిలో ఒకడాయెను. అట్టివానిని సంచులు మోసి నేర్చుకొనిన మనుష్యుడు ఓడించెను.

మొదటి విజయమును ఒక వింతగా ఎంచి దాటవేసినవారు రెండవ విజయమును అట్లు దాటవేయలేకపోయిరి. ఒకసారి గెలిచినవానిని చూచి అదృష్టమందురు. మరల గెలిచినయెడల సమర్థుడని ఒప్పుకొనవలెను. ఒప్పుకొనుట ప్రభుత్వమునకు ఇష్టము లేకపోయెను. పేటలను వేరుచేయు చట్టమును క్రీడలకు కూడ వర్తింపజేసి, కలిసి ఆడుటకు అనుమతి ఇచ్చుట మానిరి. 1966నుండి పాప్వా దేశములోని పెద్ద పోటీలకు దూరమాయెను. ఆయన ప్రేక్షకుడుగానైనను ఆ మైదానములలో నిలువ వీలులేకపోయెను. బయటి దేశములలో ఆడుకొనవచ్చునా యనగా, ఆయన పాసుపోర్టును కూడ తీసివేసికొనిరి. లోపల ఆడనీయరు, బయటకు పోనీయరు.

ఆటగానికి దేవుడిచ్చు కాలము కొద్దిపాటిది. గనిలో దిగువాడు అరువదేండ్లు వచ్చువరకు ఎట్లో పనిచేసికొనవచ్చును. ఆటగాని చేతులకు, కన్నులకు అంత వ్యవధి లేదు. పాప్వాను ఆపినప్పుడు ఆయనకు ఇంకను 40 ఏండ్లు నిండలేదు. ఆటలో మిగిలిన మంచి సంవత్సరములు అట్లు వృథాయాయెను. చదువు లేదు, మరియొక వృత్తి లేదు, పోషింపవలసిన భార్యాబిడ్డలుండిరి. బీదతనములోనే దినములు గడిపి, 1978 జూలై 5న గుండెపోటుచే మరణించెను. ఆయన వయస్సు 49 సంవత్సరములు.

తరువాతి సంగతి చదువరులకు తెలిసినదే. 1994లో దక్షిణాఫ్రికాలో అన్ని జాతులవారు మొదటిసారి కలిసి ఓటు వేసిరి. నెల్సన్ మండేలాగారు రాష్ట్రపతి ఆయెను. తనను ఆటనుండి త్రోసివేసిన చట్టములు కొట్టివేయబడుటను చూచుటకు పాప్వా బ్రదికి లేడు. డర్బను నగరములో నేడు పాప్వా సెవ్‌గోలం పేరుగల గోల్ఫు మైదానము కలదు. అది నగరపు మైదానము. ఒకప్పుడు బండిలో బట్టలు మార్చుకొనిన మనుష్యుని పేరు దాని గుమ్మమున వ్రాయబడియున్నది. అది మంచిదే. గాని చచ్చినవాని పేరును గుమ్మముమీద వ్రాయుట సులభము. బ్రదికియున్నవానిని గుమ్మములోనికి పిలుచుట కష్టము. ఆ కష్టమును డర్బనులో గ్రాహం వుల్ఫు తన పరిధిలో చేసెను, తక్కినవారు చేయలేదు.

ఇప్పుడు సముద్రముదాటి మన ఊరికి తిరిగి వచ్చెదము. ఆ క్లబ్బు పెద్దలను తీర్పు తీర్చుట మనకు సుళువు. వారు తెల్లవారు, వారి కాలము గతించెను, వారి చట్టము చచ్చెను. అయితే మన తెలుగు పల్లెలలో టీ కొట్టు ముందర రెండు విధములైన గ్లాసులు వ్రేలాడుటను మనలో పెద్దవారు చూడలేదా? ఒక గ్లాసు లోపల కూర్చుండువానికి. ఒక గ్లాసు బయట నిలిచి త్రాగి, తానే కడిగిపెట్టువానికి. చట్టమున అది నేరమైనను, కొన్ని చోట్ల ఇంకను జరుగుచునేయున్నది. మన గనులలో నేలక్రింద దీపపు వెలుతురున అందరి ముఖములు బొగ్గుచే ఒకే రంగైనవి. పైకి వచ్చి స్నానము చేసినతరువాత వాడెవడు, వీడెవడని అడిగిన ఇండ్లు మన వాడలలో లేవా?

ఇంకను దగ్గరకు వచ్చెదము. మన సంఘములలో పెండ్లిసంబంధము మాటలాడునప్పుడు మొదట అడుగు ప్రశ్న యేది? సంఘపు పెద్దలను ఎన్నుకొనునప్పుడు చాటున లెక్కించునది యేది? బాగుగా పాడువానిని పాటకు పిలిచి, డప్పు వాయించువానిని పండుగనాడు పిలిచి, వంట పాత్రలు తోముటకు ఒకామెను పిలిచి, వడ్డన సమయమున వారి విస్తరి ఎచ్చట వేయుచున్నాము? యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయమున చూపిన సభను జ్ఞాపకము చేసికొనుడి. బంగారు ఉంగరము గలవానికి ఆసనమును, మాసిన బట్టలవానికి నిలుచు చోటును చూపిన ఆ సభ విశ్వాసుల సభయే. యాకోబు ఆ గద్దింపును బయటివారికి వ్రాయలేదు.

మేము ఈ మాటలు వ్రాయుచు మమ్మును విడిచిపెట్టుకొనుట లేదు. మనిషి చేతిలోని వరమును మెచ్చుకొని, మనిషిని గుమ్మమున నిలుపుట మాకును అలవాటైన పాపమే. మంచి మేస్త్రీ యని పొగడి, అరుగుమీదనే కూలి లెక్కపెట్టి పంపిన దినములు మాకును కలవు. అందుచేతనే డర్బను క్లబ్బు ముందరి ఆ చిత్రమును మరల మరల చూచినప్పుడు, వానలో నిలిచినవానికంటె లోపల తడియకుండ నిలిచినవారి ముఖములే మమ్మును ఎక్కువగా కలచివేయుచున్నవి. వారిలో క్రూరులు కొందరే యుందురు. ఎక్కువమంది చేతులు తట్టి మెచ్చుకొనిన మంచివారే. ఒక్కరైనను బయటకు నడచిపోయి ఆయన ప్రక్కన తడిసియుండినయెడల ఆ చిత్రము వేరుగా ఉండెడిది.

ప్రియ చదువరీ, వచ్చు ఆదివారమున ఆరాధన ముగిసినతరువాత ఒక నిమిషము మన గుమ్మమునొద్ద నిలిచి చూడుము. చెప్పులయొద్ద, గోడప్రక్కన, వెనుక వరుసలో ఎవరో ఒకరు పిలుపు లేక నిలిచియుందురు. వారి పేరు నీకు తెలియునా? తెలియనియెడల అడుగుము. ఆ దినపు భోజనమునకు నీ ఇంటికి తోడ్కొనిపోయి, అరుగుమీద కాక లోపల, నీ ప్రక్కన పీట వేయుము.